చెట్టు లేని ఊళ్లో రాతి చర్చి

ఇంటర్వ్యూలో ప్రాజెక్టు గురించి చెప్పమంటే కొలతలు, సాఫ్ట్‌వేర్ల పేర్లు గడగడా చెప్పేస్తాం. ‘ఈ మెటీరియలే ఎందుకు వాడారు?’ అంటే మాత్రం తడబడతాం. సివిల్, ఆర్కిటెక్చర్ విద్యార్థులు ఈ ‘ఎందుకు’ని అర్థం చేసుకోవడానికి ఓ మంచి ఉదాహరణ ఉంది. అమెరికాలోని కాన్సస్ రాష్ట్రం, విక్టోరియా అనే చిన్న ఊళ్లోని సెయింట్ ఫిడెలిస్ చర్చి.

కట్టిందెవరు?

వోల్గా జర్మన్లు. 18వ శతాబ్దంలో రష్యా రాణి కేథరిన్ ఆహ్వానంతో వోల్గా తీరానికి వలస వెళ్లిన జర్మన్ల వారసులు. అక్కడ సైనిక సేవ మినహాయింపు పోవడంతో మళ్లీ మూటాముల్లె సర్దుకున్నారు. 1876లో విక్టోరియా చేరారు. చూస్తే చుట్టూ గడ్డి మైదానమే. కంచె గుంజలకూ కలప కరవు. నేల కింద మాత్రం సున్నపురాయి పొర ఉంది.

రాయి గుణం

ఈ రాయి తవ్వి తీసినప్పుడు మెత్తగా ఉంటుంది. గాలి తగిలి ఆరేకొద్దీ గట్టిపడుతుంది. వరసగా రంధ్రాలు వేసి చీలలు దిగ్గొడితే తిన్నగా చీలుతుంది. రైతులు దీన్నే కంచె గుంజలుగా పాతారు. 1908-11 మధ్య అదే రాయితో చర్చి కట్టారు. పన్నెండేళ్లు దాటిన ప్రతి సభ్యుడూ ఏడాదికి 45 డాలర్లు, ఆరు బండ్ల రాయి ఇవ్వాలన్నది అప్పటి లెక్క. బడ్జెట్, లేబర్, రవాణా... అన్నీ అందులోనే!

డిజైన్ లాజిక్

శైలి రోమనెస్క్. అంటే గుండ్రటి ఆర్చీలు, మందపాటి గోడలు. జంట గోపురాల ఎత్తు 141 అడుగులు. రాయి నొక్కుడు బలాన్ని బాగా తట్టుకుంటుంది, లాగుడు బలాన్ని తట్టుకోలేదు. ఆర్చి పైబరువును నొక్కుడుగా మార్చి పక్కలకు పంపుతుంది. ఆ తోపును ఆపడానికే గోడ మందంగా ఉండాలి. లోపలి స్తంభాలకు మాత్రం వెర్మాంట్ రాష్ట్రం నుంచి గ్రానైట్ తెప్పించారు. గోడతో పోలిస్తే స్తంభం సన్నం, మీద పడే బరువు ఎక్కువ. ఈ రెండు రాళ్ల బలాన్ని మీ టెక్స్ట్‌బుక్ టేబుల్‌లో పోల్చి చూడండి, సంగతి అర్థమవుతుంది.

మీరేం చేయాలి?

మీ ప్రాజెక్టు రిపోర్టు తెరవండి. వాడిన ప్రతి మెటీరియల్ పక్కన మూడు ముక్కలు రాయండి: దగ్గర్లో ఏం దొరికింది? దాని గుణమేంటి? ఏది వద్దనుకున్నాం, ఎందుకు? మూడోదానికి జవాబుంటే ఇంటర్వ్యూలో మీరు బట్టీ పట్టింది కాదు, చేసింది చెబుతున్నారని ఎదుటివాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది.