నెత్తిన రుమాలు

శివరాత్రి జాతరకు వేములవాడ వచ్చే జనంలో తలలను మాత్రమే చూస్తూ పోతే ఒక పూట చాలదు. కోడె తాడు పట్టుకుని వరుసలో నిలబడ్డ రైతు నెత్తిన తెల్లటి రుమాలు ఉంటుంది. అప్పుడే తలనీలాలిచ్చి గంధం పూసుకున్న పిల్లగాడికి గుడి ముందు దుకాణంలో కొన్న చిన్న టోపీ. గుడి ప్రాంగణంలోని దర్గాకు మొక్కు తీర్చుకోవడానికి వచ్చిన పెద్దమనిషికి జాలీ అల్లిక టోపీ. దుబాయి నుంచి సెలవు మీద వచ్చిన నడివయసు మనిషి మెడలో అరబ్బుల ఎర్రగళ్ల తలగుడ్డ గుత్రా. వీళ్ల మధ్య క్రికెట్ క్యాప్ తిరగేసి పెట్టుకున్న కుర్రాళ్లు. ఇందులో జాతర కోసమని వేసిన వేషం ఒక్కటీ లేదు. రేపు పొలం దగ్గరా, సాంచాల (మరమగ్గాల) షెడ్డులోనూ, కోరుట్ల బస్టాండులోనూ ఇవే తలలు, ఇవే గుడ్డలు.

పాత తరహా టోపీలంటే ప్రాణం పెట్టేవాళ్లు యూరప్‌లో, అమెరికాలో చాలామందే ఉన్నారు. 1857లో ఇటలీలో మొదలైన బోర్సలినో, 1865లో ఫిలడెల్ఫియాలో మొదలైన స్టెట్సన్ పేర్లు వాళ్లకు కంఠోపాఠం. తాతల నాటి ఫెడోరాను వెతికి కొని, ఆవిరి పట్టి, నొక్కులు సరిచేసి, రోజూ ఆఫీసుకు పెట్టుకుపోతారు. సాటి అభిమానులకు చూపించి మురిసిపోతారు. ఆ ముచ్చట గొప్పదే. అయితే ఫెడోరా కన్నా ఎంతో పాతదైన తలకట్టు సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల పల్లెల్లో ఇంకా చెమటకు తడుస్తూ, ఎండకు ఆరుతూ బతికే ఉంది. వెతికి కొనాల్సిన పని లేదు, దండెం మీదే ఉంటుంది. మన ముచ్చట దాని గురించి.

కట్టు తీరు

రుమాలుకు మంచి నూలు గుడ్డ కావాలి. సన్నటి అంచు, తువ్వాల కంటే బాగా పొడుగు. గుడ్డను నిలువునా మడతలు పెట్టి, ఒక కొసను పంటితోనో చేతితోనో బిగబట్టి, చెవుల మీదుగా వెనక్కి తిప్పి, నుదుటి దగ్గర ఒక మడత మీద ఇంకో మడత ఏటవాలుగా పడేట్టు చుట్టుకొస్తారు. చివరి కొసను లోపలికి దోపుతారు, లేదంటే వెనక వేలాడనిస్తారు. అద్దం అక్కర్లేదు. నడుస్తూనే, ఎడ్లను అదిలిస్తూనే కట్టే చేతులు ఇంకా ఉన్నాయి.

ఒకే ఊళ్లో పదిమంది కడితే పది తీర్లు. కొందరిది ఎడమకు ఒరుగుతుంది, కొందరు నడినెత్తి కనపడేట్టు వదులుతారు, కొందరు చెవులు సగం మూసేస్తారు. మూడు పొలాల అవతల గట్టు మీద పోతున్నదెవరో ముఖం కనపడకపోయినా కట్టును బట్టి చెప్పేయొచ్చు. పనిలో కట్టేది ఒకటి, పెళ్లికీ పంచాయితీకీ కట్టేది ఇంకొకటి. రెండోదానికి గంజి పెట్టి, నీలిమందు వేసి, మడత నలగకుండా దాచిన రుమాలు కావాలి. దాన్ని కట్టుకున్నాక మనిషి మెడ తిప్పే పద్ధతే వేరుగా ఉంటుంది.

మే నెలలో ఇక్కడ ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. నూలు గుడ్డ చెమటను పీల్చుకుంటుంది, ఆ తడి ఆరేటప్పుడు తల చల్లబడుతుంది. మడతల మధ్య చిక్కిన గాలి ఎండ సెగను ఆపుతుంది. మోటరు దగ్గర ఒకసారి ముంచి పిండి కట్టుకుంటే కొంతసేపు ఎండకు భయం లేదు. ఇంతేనా? మూట ఎత్తుకోవాలంటే అదే సుట్టబట్ట. అలిసి చెట్టుకింద ఒరిగితే అదే తలగడ. చేన్లో కంకులు విరిస్తే అదే సంచి. మనవడి ముక్కు తుడవడానికీ అదే. ఫెల్టు టోపీ ఎంత ఖరీదైనదైనా ఇన్ని పనులు చేయలేదు.

ఆడవాళ్ల సంగతి చెప్పకపోతే కథ సగమే. నాట్లు వేసేటప్పుడు, పత్తి ఏరేటప్పుడు చీర మీద మగవాళ్ల పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని, తలకు తువ్వాల బిగించి కట్టుకుంటారు. కొంగు జారకుండా, జుట్టుకు దుమ్ము పట్టకుండా వాళ్లు వేసే ఆ ముడికి ఎవరూ పేరు పెట్టలేదు, ఎవరూ ఫొటో తీయలేదు. ఈ జిల్లాల వ్యవసాయం సగానికి పైగా ఆ ముడి కిందనే నడుస్తోంది.

విప్పమన్న రోజులు

రుమాలును ఎండకు కట్టుకునే గుడ్డగా మాత్రమే చూస్తే ఈ ప్రాంతం చరిత్ర అర్థం కాదు. దొరల కాలంలో వాళ్లుండే గడీ ముందు నుంచి పోవాలంటే చెప్పులు చేత పట్టుకోవాలి, నెత్తి రుమాలు విప్పి నడుముకు చుట్టుకోవాలి లేదా చంకలో పెట్టుకోవాలి. తల వంచి, చేతులు కట్టుకుని, 'నీ బాంచెన్' అనాలి. ఎండ ఎంత కొడుతున్నా సరే. తలకు గుడ్డ ఉండటం పెద్దరికానికి గుర్తు. ఆ పెద్దరికం కింది కులాల మనిషికి లేదని రోజూ గుర్తు చేయడానికే ఆ కట్టడి.

ఆ కట్టడి దానంతట అది పోలేదు. తెలంగాణ సాయుధ పోరాటం ఒకసారి దాన్ని కదిలించింది. తర్వాత మూడు దశాబ్దాలకు 1978 సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్రకు ఊళ్లకు ఊళ్లు తరలివచ్చాయి. రైతు కూలీలు వెట్టికీ, దండుగలకూ ఎదురు తిరిగారు. పలుచోట్ల దొరలకు చాకలి, మంగలి పనులు బందు పెట్టారు. ఆ అక్టోబరులోనే ప్రభుత్వం సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. భూమి, కూలి, వెట్టి అనే పెద్ద మాటల పక్కన రుమాలు చిన్న విషయంగా కనిపించవచ్చు. నాకు అలా కనిపించదు. ఎవరి ముందూ విప్పక్కర్లేని రుమాలు కట్టుకుని బజారున నడిచిన మొదటి తరం మన తాతలదీ బాపులదీ. వాళ్లలో కొందరు ఇప్పటికీ ఇంట్లోంచి కాలు బయట పెట్టాలంటే ముందు రుమాలు కట్టుకుంటారు. ఆ పట్టింపుకు కారణం ఇక్కడుంది.

ఇంటి పెద్ద పోయినప్పుడు దినాల నాడు కొడుకు తలకు బంధువులు కొత్త బట్ట చుట్టే ఆచారం చాలా కులాల్లో ఉంది. ఇల్లు ఇక నీదీ, బరువు నీదీ అని చెప్పే ఆ ఘడియలో మాటలు పెద్దగా ఉండవు, గుడ్డే మాట్లాడుతుంది. సన్మాన సభల్లో ముందే కుట్టి తెచ్చిన మెరుపుల తలపాగాను అతిథి నెత్తిన బోర్లించడం ఈమధ్య ఎక్కువైంది. దానికంటే ఎదుట నిలబడి ఒక్కో చుట్టూ చుట్టే నూలు గుడ్డ వేయి రెట్లు మర్యాద.

పక్క టోపీలు

నిజాం రాజ్యంలో సర్కారు నౌకరీ అంటే షేర్వానీ, రూమీ టోపీ. ముదురెరుపు ఫెల్టు, నల్లటి కుచ్చు. హిందూ ముస్లిం తేడా లేకుండా అధికారులు పెట్టుకునేవారు. దీనిది పెద్ద ప్రయాణం. తుర్కీ సుల్తాన్ రెండో మహమూద్ 1820ల చివర్లో పాత తలపాగాల స్థానంలో దీన్ని ప్రవేశపెట్టాడు. 1925లో ముస్తఫా కెమాల్ ప్రభుత్వం చట్టం చేసి మరీ తీసేయించింది. తుర్కీలో నేరమైన టోపీ హైదరాబాద్‌లో మాత్రం దర్జాగా కొనసాగింది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఒకే పాత టోపీని ఏళ్ల తరబడి వాడాడన్న మాట దేశదేశాల పత్రికలకెక్కింది. దర్బారుకు మాత్రం దస్తారనే తలపాగా, నడుముకు బగ్లూసనే పట్టీ తప్పనిసరి. కరీంనగర్ వైపు పాత ఇళ్లలో గోడకు వేలాడే ఫొటోల్లో రూమీ టోపీ తాతలు ఇంకా కూర్చునే ఉంటారు.

గాంధీ టోపీ రెండు దారుల్లో తెలుగు తలల మీదికెక్కింది. ఒకటి స్వాతంత్ర్య ఉద్యమం. 1930లో గుంటూరులో ఆ తెల్లటోపీ పెట్టుకోవడాన్నే నిషేధించారు. ఇంకోటి మగ్గం దారి. సిరిసిల్ల పద్మశాలీలు బతుకుదెరువుకు భివండీ, షోలాపూర్, ముంబయి వెళ్లారు. మరాఠీ పల్లెల్లో తెల్లటోపీ రోజువారీ దుస్తుల్లో భాగం. అక్కడ ఏళ్లకేళ్లు నేసి తిరిగొచ్చిన పెద్దలకు ఆ అలవాటు అంటింది.

రోజూ కట్టిన తలపాగాతోనే లోకం గుర్తుపెట్టుకున్న మనవాళ్లూ ఉన్నారు. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1962 నుంచి 1967 వరకు రాష్ట్రపతిగా ఉన్నప్పుడు కూడా తెల్ల తలపాగా వదల్లేదు. 1908 మూసీ వరద తర్వాత హైదరాబాద్‌ను కాపాడే పథకం గీసిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యను మైసూరు పేటా లేకుండా ఊహించుకోలేం.

వెళ్లిన గుడ్డ, వచ్చిన గుడ్డ

అన్నింటికంటే నాకు అపురూపంగా తోచేది తేలియా రుమాలు కథ. చీరాలలోనూ, ఇప్పటి యాదాద్రి భువనగిరి జిల్లా పుట్టపాకలోనూ నేసిన చదరపు గుడ్డ అది. నూలును నూనెలోనూ, ఆముదపు కాయల బూడిద కలిపిన నీళ్లలోనూ రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఆరబెట్టి, ముడులు కట్టి ఎరుపు, నలుపు రంగులద్దుతారు. నూనె పట్టిన నూలు మెత్తగా ఉంటుంది, తలకు చల్లదనాన్నిస్తుంది. మన పశుల కాపరులూ, జాలరులూ తలకు చుట్టుకున్న ఈ గుడ్డనే ఓడల మీద అరబ్బు దేశాలకు పంపారు. అక్కడి ఎడారి ఎండలో మన నేతగాళ్ల చేతి గుడ్డ తలలు కాచింది. పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

ఇప్పుడు ప్రయాణం తిరగబడింది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఊళ్ల నుంచి గల్ఫ్‌కు పోయిన మనిషి లేని వాడకట్టు దొరకదు. మస్కట్‌లో, సౌదీలో ఇసుక గాలికి గుత్రా చుట్టుకోవడం నేర్చిన చేతులు తిరిగొచ్చాక కూడా దాన్ని వదల్లేదు. పసుపు ఉడకబెట్టి ఆరబోసి మెరుగు పట్టే రోజుల్లో కోరుట్ల, మెట్‌పల్లి వైపు వెళ్లి చూడండి. పచ్చటి దుమ్ములో ముక్కూ నోరూ మూసి చుట్టిన ఎర్రగళ్ల గుడ్డలు కనిపిస్తాయి. కట్టు మాత్రం అరబ్బుది కాదు. నల్లటి తాడు ఉండదు. గుత్రాను రుమాలు కట్టినట్టే కట్టేస్తారు. పరాయి గుడ్డను మన చేతి వాటానికి తెచ్చుకున్న ఆ నేర్పుకు నేను మొక్కుతాను.

సాంచాల ఊళ్లో

పాతికవేలకు పైగా సాంచాలు ఆడే సిరిసిల్లలో నెత్తిన కట్టే మంచి రుమాలు ఎంత తయారవుతోంది? ఇక్కడ నేసేదాంట్లో ఎక్కువ భాగం పాలిస్టరు. అది చెమట పీల్చదు, తలకు పనికిరాదు. ఎన్నికలొస్తే పార్టీల జెండాలు, కండువాలు రాత్రింబగళ్లు దిగుతాయి. ఒకప్పటి బతుకమ్మ చీరలు, బడి పిల్లల యూనిఫాం గుడ్డ వంటి సర్కారు ఆర్డర్లు ఉన్నప్పుడు షెడ్డుల్లో కళ, లేనప్పుడు సాంచాలు నడిపే ఆసాములకూ కార్మికులకూ గండం. ఏడాది పొడుగునా ఊరి మనిషి కొనుక్కునే వస్తువు ఒక్కటైనా సాంచాల మీద ఉంటే ఆ గండం కొంతైనా తేలికవుతుంది. గట్టి అంచున్న మెత్తటి నూలు రుమాలు అలాంటి వస్తువు. సహకార సంఘాలూ, జౌళి శాఖా దీన్ని పట్టించుకోవాలి.

అమెరికాలో ఫెడోరా తగ్గడానికి కార్ల పైకప్పు కూడా ఒక కారణమంటారు. టోపీ పెట్టుకుని కూర్చుంటే తగిలేది. ఇక్కడ రుమాలును దించింది బండి. హెల్మెట్ కింద రుమాలు ఇమడదు. హెల్మెట్ ప్రాణం కాపాడుతుంది కాబట్టి దాన్ని తప్పు పట్టేదేమీ లేదు. బండి దిగాక కట్టుకోవడానికి అడ్డేమిటన్నదే నా ప్రశ్న. నలభై ఏళ్ల లోపు వాళ్లలో చాలామందికి కట్టడం రాదు, అదీ అసలు అడ్డు. తాత కట్టగా చూశారు తప్ప నేర్చుకోలేదు.

కాబట్టి ఒక విన్నపం. మీ ఇంట్లో, మీ వాడలో రోజూ రుమాలు కట్టే పెద్దయ్య ఉంటే ఈ ఆదివారం ఆయన దగ్గర కూర్చోండి. మొదటి కొస ఎక్కడ పట్టాడో, చివరి కొస ఎక్కడ దోపాడో ఫోన్లో వీడియో తీసి దాచండి. తర్వాత ఆయన ముందే మీరూ కట్టుకోండి. జారితే ఆయనే సరిచేస్తాడు.