దుప్పి కూర ఖరీదెంత?

కంది కాయ పట్టే వేళకు జన్నారం, కడెం, తిర్యాణి, పెంచికల్‌పేట వైపు అడవి అంచు చేన్లలో మంచెలు లేస్తాయి. పొద్దు మునగ్గానే రైతు కట్టె, టార్చిలైటు, గొంగడి పట్టుకొని ఇల్లు వదులుతాడు. తెల్లవార్లూ డబ్బా కొట్టాలి, కూత పెట్టాలి. కన్ను మూతబడిందా, దుప్పుల మంద దిగి సాళ్ళకు సాళ్ళు మేసి పోతుంది. ఇట్లా పది పదిహేను రాత్రులు గడిచాక విసిగిన మనిషి చూపు పక్కనున్న కరెంటు స్తంభం మీద పడుతుంది. చుట్టెడు తీగ, నాలుగు గూటాలు ఉంటే చాలు. పెద్ద ఖర్చేం కాదు. చేను దక్కుతుంది, పైగా ఇంటికి కూర.

లెక్క అక్కడే తప్పుతుంది. కందికి 2025-26 మద్దతు ధర క్వింటాలుకు 8,000 రూపాయలు. దుప్పులు రెండు క్వింటాళ్ళ పంట తిన్నాయనుకుందాం. పోయింది 16,000. మరి తీగ పెట్టి పట్టుబడితే? వన్యప్రాణి రక్షణ చట్టం 1972 ప్రకారం అభయారణ్యం లోపల వేటాడితే మూడేళ్ళకు తక్కువ కాకుండా ఏడేళ్ళ దాకా జైలు. 2022 సవరణ తర్వాత జరిమానా కనీసం 25,000. కృష్ణజింక లాంటి ఒకటో షెడ్యూలు జంతువైతే అది ఎక్కడ చచ్చినా ఇదే శిక్ష. వకీలు ఫీజు, కోర్టు వాయిదాలు, జామీను కోసం తిరుగుడు, దున్నక పడావు పడ్డ చేను, ఇవన్నీ వేరే. చంపితేనే వేట అనుకునేవారు ఇంకా ఉన్నారు. ఉచ్చు పెట్టడం, పట్టడం, అందుకు ప్రయత్నించడం కూడా చట్టం దృష్టిలో వేటే. మాంసం కొన్నవాడి మీదా కేసు పడుతుంది. వేటలో చచ్చిన దుప్పి సర్కారు ఆస్తి కిందికి వస్తుంది. అది చేతికి వచ్చినవారు 48 గంటల్లో అధికారులకు చెప్పాలి.

జైలు కన్నా భయపడాల్సిన సంగతి ఇంకొకటుంది. తీగకు దుప్పి ఏదో, మనిషి ఎవరో తెలియదు. తెల్లారగట్ల బోరు మోటారు పెట్టడానికి పోయే పక్క చేను ఆయన, తప్పిపోయిన ఎద్దును వెతుక్కుంటూ వచ్చిన పాలేరు, ఒక్కోసారి తీగ పెట్టిన ఇంటి పిల్లాడే దాని మీద అడుగు వేస్తాడు. అప్పుడు మనిషిని చంపిన కేసు, దానికి తోడు కరెంటు చౌర్యం కేసు. ఆ రెండిళ్ళ మధ్య మళ్ళీ మాటలుండవు. 2025 మే నెలలో కె-8 అని అటవీ శాఖ గుర్తు పెట్టుకున్న ఆడపులి పెంచికల్‌పేట అడవిలో కరెంటు తీగకే చచ్చింది. పలువురు అరెస్టయ్యారు.

అసలు వేట హక్కు మనకెప్పుడుంది? నిజాం రోజుల్లో శికారు దొరలది, హాకా కొట్టి జంతువును తోలేది ఊరివాళ్ళు. మెదక్ దగ్గరి పోచారం అడవి నిజాం వేటకు కేటాయించినదే, తర్వాత అభయారణ్యమైంది. మన కవ్వాల్ 2012లో పులుల అభయారణ్యమైంది. 893 చదరపు కిలోమీటర్ల కోర్ ప్రాంతంలోకి అనుమతి లేకుండా ఆయుధంతో అడుగు పెట్టరాదు. పోడు పట్టా ఉంది కదా అంటారు కొందరు. 2006 అటవీ హక్కుల చట్టం భూమి ఇచ్చింది, ఇప్పపువ్వు, తునికాకు లాంటి అటవీ ఫలసాయం ఏరుకునే హక్కు ఇచ్చింది గాని, తాతల నాటి వేట హక్కును మాత్రం పేరు పెట్టి మరీ మినహాయించింది. 1959 ఆయుధాల చట్టంలో చేను కాపలాకు మందు దట్టించే తుపాకికి లైసెన్సు ఉంది. ఆ లైసెన్సు దుప్పిని కొట్టడానికి మాత్రం కాదు. పంటను పాడుచేసే జంతువును కొట్టడానికి వేరేగా రాతపూర్వక అనుమతి కావాలి. అది రైతు చేతిలో లేదు.

జర్మనీలో పద్ధతి వేరు. అక్కడ ఊరి భూముల యజమానులంతా ఒక సంఘంగా ఏర్పడతారు. సాధారణంగా కనీసం 150 హెక్టార్లు కలిస్తే ఆ నేల మీద వేట హక్కును కౌలుకిస్తారు. కౌలు డబ్బు భూమిని బట్టి పంచుకుంటారు. జింకలు, పందులు పంట తింటే నష్టం కట్టే బాధ్యత సంఘానిది, ఎక్కువగా ఒప్పందంలో కౌలుదారు మీదికే వస్తుంది. అంటే చిన్న రైతు చేను మేసిన జింకకు అక్కడ ఎవరో ఒకరు జవాబుదారీ. ఆ వేట మనకు రావాలని కాదు. జంతువు సర్కారుదైతే మేత బాకీ కూడా సర్కారుదే కావాలి కదా! మన దగ్గర పరిహారం ఇచ్చే పద్ధతి ఉంది గాని, అది పెట్టుబడికైనా సరిపోవడం లేదని రైతుల మాట, అందులో అబద్ధం లేదు. అయినా వచ్చేదాన్ని వదులుకోవద్దు.

నష్టం జరిగిన పొద్దుననే బీట్ ఆఫీసరుకు చెప్పండి. అధికారులు చూసే దాకా చేను దున్నవద్దు. అడుగుజాడలు, పెంటికలు చెరపకుండా ఫోటోలు తీయించండి, పాసుపుస్తకం నకలు జతచేసి రేంజి ఆఫీసులో కాగితం ఇచ్చి రసీదు అడగండి. తిన్నదెవరో కూడా గుర్తుపట్టవచ్చు. దుప్పికి పైదవడలో ముందు పళ్ళుండవు. కొమ్మను పట్టి లాగుతుంది గనుక తెగినచోట పీచులు పీచులుగా ఉంటుంది. కుందేలు కొరికితే కత్తితో కోసినట్టు ఏటవాలుగా ఉంటుంది. పంది అయితే మట్టి పెళ్ళగిస్తుంది.

సోలార్ కంచె సంగతి వేరు. అందులో కరెంటు బ్యాటరీ పెట్టె గుండా సెకనుకోసారి చిన్న దెబ్బగా వస్తుంది, జంతువు అదిరి వెనక్కి పోతుంది గాని చావదు. కానీ ఆ పెట్టె పాడైందని తీగను నేరుగా మోటారు లైనుకు తగిలిస్తే అది మళ్ళీ ఉరితాడే. ఒక్కరికి ఖర్చు మోయలేనిదైతే అడవి వైపు అంచున్న పదిమంది కలిసి ఒకే వరుస వేసుకుంటే అందరి చేన్లూ దాని వెనకే పడతాయి. దుప్పి ఎగిరి దూకుతుంది, కాబట్టి కంచె నిలువెత్తుకు మించి ఉండాలి. పాత చీరలు కట్టేవారు వారానికోసారి చోటు మార్చాలి. మార్చకపోతే దుప్పి వాటికి అలవాటు పడుతుంది. శనగ చేనుకు పందుల బెడద ఉంటే చుట్టూ నాలుగు సాళ్ళు కుసుమ వేయండి. ముళ్ళకు అవి వెనకాడతాయి, గింజలూ అమ్ముకోవచ్చు.