పాత స్పోర్ట్స్ కారుకు తగిన షాక్ అబ్జార్బరు

కోనసీమలో అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల రోడ్లు అనేకం కాలువగట్ల వెంట సాగుతాయి. డెల్టా బంకమన్ను వర్షాలకు నీరు పీల్చి ఉబ్బుతుంది. వేసవిలో ఆరి కుంచించుకుపోతుంది. అందువల్ల దానిపై వేసిన రోడ్డు అక్కడక్కడ క్రుంగి ఎగుడుదిగుడవుతుంది. ప్రక్కనే కాలువ ఉన్న అట్టి రోడ్డుపై కారు చక్రం క్షణకాలం నేలను విడిచినా ప్రమాదమే. ఆ క్షణంలో ఆ చక్రానికి బ్రేకు గాని స్టీరింగు గాని పనిచేయదు.

కారు బరువును మోసేది స్ప్రింగు. గతుకు తగిలినపుడు అది నొక్కుకొని శక్తిని నిలువ చేసుకొంటుంది; వెంటనే తిరిగి ఇచ్చివేస్తుంది. అదుపు లేకపోతే కారు ఊయలవలె ఊగుతూనే ఉంటుంది. షాక్ అబ్జార్బరులోని పిస్టను నూనెను సన్నని రంధ్రాలగుండా నెట్టుతుంది. డోలనశక్తి ఉష్ణంగా మారి ఊపు అణగిపోతుంది. విద్యార్థులు చదివే అవరుద్ధ డోలనాలు ఇవే.

ఒక తేలిక కారులో ఒక్కొక్క స్ప్రింగు 200 కిలోగ్రాములు మోస్తున్నదనీ, దాని స్థిరాంకం మీటరుకు 20,000 న్యూటన్లనీ అనుకొందాము. అపుడు ఒక డోలనానికి 0.63 సెకను పడుతుంది. రోడ్డుపై మిట్టలు 7 మీటర్ల ఎడంతో ఉంటే, గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే కారుకు సరిగా అంతకాలానికొక కుదుపు తగులుతుంది. ఊయలను అదనుచూసి నెట్టినట్లు ఊపు పెరుగుతుంది. ఇదే అనునాదం.

అట్లయితే మిక్కిలి బిగువైనదే మంచిదా? కాదు. పై కారును ఊగకుండా అతి త్వరగా నిలిపే సందిగ్ధ అవరోధం, సెకనుకు మీటరు వేగం వద్ద, 4,000 న్యూటన్లు. అంత బిగువుంటే చిన్న గతుకు కూడా చట్రాన్ని కుదుపుతుంది. గుంట రాగానే చక్రం చప్పున దిగలేక గాలిలో నిలుస్తుంది. అందులో మూడవ వంతుకు కొంచెం తక్కువగా, సుమారు 1,200 న్యూటన్లుంటే ఇట్టి రోడ్లకు తగును. స్ప్రింగు సాగేటప్పటి అవరోధం నొక్కుకొనేటప్పటికంటె ఎక్కువగా ఉండటం సాధారణం.

కారు నిర్మాణాన్ని కూడా చూడవలెను. 1962 నుండి 1980 వరకు తయారైన ఎం.జి.బి. కారులో గొట్టపు రకానికి బదులు చేయి వంటి లీవరు గల షాక్ అబ్జార్బర్లున్నాయి. ముందు చక్రాలవద్ద ఆ లీవరే చక్రాన్ని నిలిపే పై ఆధారం కూడా. కనుక దానిని ఊరక తీసివేసి వేరొకటి అమర్చరాదు. ముందుగా నూనె కారుతున్నదేమో, తగ్గినదేమో పరీక్షించవలెను.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో సులభంగా చూపవచ్చును. స్ప్రింగుకు వ్రేలాడే బరువును ముందు గాలిలో, తరువాత నీటిలో, చివరకు ఆముదంలో ఊగనిచ్చి, ఎన్ని ఊపులకు నిలుస్తున్నదో విద్యార్థులచేత లెక్కింపజేస్తే చాలును.