హెపటైటిస్ సి మాత్రలు : మొదటి 28 దినములు

నూలు ధరలు, రంగులు, సహకార సంఘముల సంగతులు వ్రాయు ఈ పుటలలో ఈ మారు కాలేయ వ్యాధిని గూర్చి వ్రాయుచున్నాము. దానికి కారణమున్నది. మగ్గము మీద కూర్చుండువాడు మంచమెక్కినచో ఆ ఇంట నాడె ఆడదు, కండెలు చుట్టువారికి పని ఉండదు, షావుకారు ఇచ్చిన బయానా అప్పుగా మారును. హెపటైటిస్ సి అని వైద్యుడు చెప్పిన దినమున మన కుటుంబములలో పుట్టు భయము వ్యాధిని గూర్చి కొంత, పనిని గూర్చి కొంత. మందు మొదలుపెట్టిన తొలి నెలలో ఈ రెండును కలిసి మనిషిని వెనుకకు లాగును. నూటికి తొంబదియైదుగురికి పైగా పూర్తిగా నయమగు వ్యాధిని సగములో విడిచిపెట్టుట విచారకరము గనుక, ఆ మొదటి నెలను గూర్చియే ఇచ్చట చెప్పదలచితిమి.

కన్ను పచ్చబడిన ప్రతి జబ్బును మనవారు కామెర్లు అనియే పిలుతురు. కాని అన్నియు ఒకటి కావు. కలుషితమైన నీటివలన, ఆహారమువలన వచ్చు ఎ, ఇ రకములు వేరు. రక్తము ద్వారా వచ్చు సి రకము వేరు. ఈ సి రకమునకు ఒక చెడ్డ గుణము కలదు. కన్ను పచ్చబడకుండ, నొప్పి తెలియకుండ 20, 30 ఏండ్లు కాలేయములో దాగియుండి దానిని మెల్లమెల్లగా గట్టిపరచును. 1989లో గాని ఈ వైరస్‌ను శాస్త్రజ్ఞులు గుర్తింపలేకపోయిరి. ఆ కృషికే 2020లో హార్వే ఆల్టర్, మైకేల్ హౌటన్, చార్లెస్ రైస్ అను ముగ్గురికి నోబెల్ బహుమానము వచ్చినది. మన దేశపు రక్తనిధులలో ఈ పరీక్ష తప్పనిసరి అయినది ఈ శతాబ్దపు తొలి సంవత్సరములలోనే. అంతకు ముందు ఆపరేషనుకో కాన్పుకో రక్తము ఎక్కించుకొన్నవారు ఒకసారి పరీక్ష చేయించుకొనుట మంచిది. ఇక సూది సంగతి. నడుము నొప్పికి సూది పడితేనే గాని తగ్గదన్న నమ్మకము గుంట మగ్గములో కూర్చుండువారికి మెండు. సరిగా శుభ్రపరచని సూదిని పలువురికి వాడిన చికిత్సల వలననే ఎందరికో ఈ వ్యాధి అంటినది. అందులో రోగి తప్పేమున్నది? ఈ మాట ఇంటివారు ముందుగా మనసున పెట్టుకొనవలెను.

పరీక్షలు రెండు. మొదటిది యాంటీబాడీ పరీక్ష. వైరస్ ఎప్పుడో ఒకప్పుడు ఒంటిలో ప్రవేశించినదని మాత్రమే అది చెప్పును. సుమారు పదిమందిలో ముగ్గురికి వైరస్ దానంతట అదే పోవును గనుక, ఇప్పుడు రక్తములో ఉన్నదా లేదా అని తేల్చు రెండవ పరీక్ష, అనగా ఆర్.ఎన్.ఏ. పరీక్ష, తప్పక జరుగవలెను. అది కానిదే మాత్రలు మొదలుపెట్టరు. మొదటి కాగితము చూచియే ఇల్లంతయు ఏడ్చుట తొందరపాటు.

పెద్దవాండ్రకు మరియొక భయమున్నది. పూర్వము ఈ వ్యాధికి ఇంటర్‌ఫెరాన్ అను ఇంజెక్షనులు 24 వారములు, 48 వారములు ఇచ్చెడివారు. జ్వరము, ఒళ్లు నొప్పులు, జుట్టు రాలుట, మనసు క్రుంగుట, ఇన్ని బాధలు పడినను చాలమందికి నయము కాలేదు. ఆ రోజులను కండ్లార చూచినవారు “ఆ మందు వద్దు, ప్రాణము తీయును” అనుటలో ఆశ్చర్యము లేదు. కాని ఆ కాలము గడచినది. 2013 చివరలో సోఫాస్‌బువిర్ అను మాత్ర అమెరికాలో వెలువడినది. ఒక్కొక్క మాత్ర ధర అచ్చట 1000 డాలర్లు. 84 మాత్రలకు 84,000 డాలర్లు. 2014లో మన దేశపు కంపెనీలకు తయారీ అనుమతి లభించగా, 2015లో హైదరాబాదుకు చెందిన నాట్కో, హెటెరో మొదలగు కంపెనీలు దానిని స్వల్ప ధరకు అమ్మకమునకు తెచ్చినవి. 2018 జూలై 28న కేంద్రప్రభుత్వము జాతీయ వైరల్ హెపటైటిస్ నివారణ కార్యక్రమమును ప్రారంభించి, పరీక్షలు, మందులు ఉచితముగా ఇచ్చు ఏర్పాటు చేసినది. మీ జిల్లా ఆసుపత్రిలో గాని, ప్రభుత్వ వైద్యకళాశాల ఆసుపత్రిలో గాని ఈ కార్యక్రమపు కేంద్రము ఎచ్చటనున్నదో అడిగి తెలిసికొనవచ్చును. ఈ వ్యాధికై మగ్గము తాకట్టు పెట్టవలసిన అగత్యము లేదు.

కాలేయము గట్టిపడనివారికి సాధారణముగా సోఫాస్‌బువిర్, డాక్లాటాస్‌విర్ అను రెండు మాత్రలు దినమునకు ఒక్కసారి చొప్పున 12 వారములు ఇత్తురు. కాలేయము గట్టిపడినవారికి వెల్పటాస్‌విర్ కలిసిన మాత్ర ఇత్తురు. కొందరికి రైబావిరిన్ కూడ చేర్తురు. ఏది ఎవరికన్నది వైద్యుడే నిర్ణయించును. ప్రక్కింటివాని మాత్రలు చూచి పోల్చుకొనరాదు.

మొదటి మాత్ర మింగుటకు ముందే వైద్యునికి దాచకుండ చెప్పవలసినవి కొన్ని గలవు. గుండె దడకు అమియోడరోన్ వాడుచున్నచో చెప్పవలెను. సోఫాస్‌బువిర్‌తో కలిసినప్పుడు నాడి ప్రమాదకరముగా మందగించును. క్షయకు రిఫాంపిసిన్, మూర్ఛకు ఫెనిటాయిన్, కార్బమజెపైన్ వాడువారు చెప్పనిచో ఈ మాత్రలు పని చేయవు. కడుపులో మంటకు అంగడిలో కొని వేసికొను మాత్రలు కూడ చెప్పవలసినవే. అవి వెల్పటాస్‌విర్ బలమును తగ్గించును. చక్కెర వ్యాధికి మందు వాడువారికి వైరస్ తగ్గినకొలది రక్తములో చక్కెర పడిపోవచ్చును గనుక తరచుగా పరీక్షించుకొనవలెను. హెపటైటిస్ బి కూడ ఉన్నదేమో ముందే చూడవలెను. సి తగ్గుచుండగా బి విజృంభించిన సందర్భములు గలవు. స్త్రీ గర్భవతి అయినచో కాన్పు అయిన పిదపనే మందు మొదలుపెట్టుదురు. రైబావిరిన్ వాడు భార్య గాని భర్త గాని, వాడుచున్నంతకాలమును, ఆ తరువాత 6 నెలలును గర్భము రాకుండ జాగ్రత్తపడవలెను.

ఇక మాత్రలు మొదలైనవి. మొదటి పది దినములలో తలనొప్పి, అలసట, కొద్దిపాటి వికారము, నిద్ర సరిగా పట్టకపోవుట కొందరికి కలుగును. చాలమందికి ఏమియు తెలియదు. ఇది పూర్వపు ఇంజెక్షనుల బాధ వంటిది కాదు. అన్నము తిన్న తరువాత మాత్ర వేసికొన్నచో వికారము తగ్గును. నిద్రపట్టనివారు ఉదయము వేసికొని చూడవచ్చును. మగ్గము మానవలసిన పని లేదు. కాని మామూలుగా ఒక్క కూర్చుండుటలో నేయునంత నేయవలెనని పంతము పట్టరాదు. ప్రొద్దుననే చల్లని వేళ కొంత నేసి, మధ్యాహ్నము నడుము వాల్చి, సాయంత్రము మరి కొంత నేసినచో మూరలు పెద్దగా తగ్గవు. ఈ మూడు నెలలకు పెద్ద గడువు ఉన్న పడుగునే ఒప్పుకొనుట తెలివైన పని. పెండ్లి చీరల ఆర్డరు తొందర మీద నున్నప్పుడు మందు మొదలుపెట్టి, రెండింటిని తిట్టుకొనుట ఎందుకు?

అసలు చిక్కు మూడవ వారములో వచ్చును. చాలమందికి నాలుగు వారములు నిండులోపలనే రక్తములో వైరస్ కానరానంత తగ్గిపోవును. ఒళ్లు తేలికపడును, ఆకలి పుట్టును. “తగ్గినది గదా, ఇక ఎందుకు?” అను ఆలోచన అప్పుడే వచ్చును. రక్తములో కానరాకుండుట వేరు, కాలేయములో లేకుండుట వేరు. ఆ స్థితిలో మాత్ర మానినచో మిగిలినది తిరిగి పెరుగును. రెండవసారి మరింత బలమైన మందు, మరింత కాలము కావలసి వచ్చును.

ఒక సీసాలో 28 మాత్రలుండును. సీసా అయిపోవుటకు నాలుగైదు దినముల ముందే రెండవ సీసా తెచ్చుకొనవలెను. ఒక పూట పని పోవునని వెనుదీసిన చోటనే మందు తెగిపోవును. మాత్రకు ఒక గుర్తు పెట్టుకొనుట మేలు. మగ్గము మీదికి పోవుటకు ముందు అని నిర్ణయించుకొన్నచో మరచిపోరు. అయితే అమావాస్యకు మగ్గమునకు సెలవిచ్చు ఇండ్లలో ఆ దినము మాత్ర మరచిపోవు భయమున్నది. మగ్గమునకు సెలవు గాని మాత్రకు లేదు. ఉపవాస దినమున కూడ మంచినీటితో మింగవచ్చును. ఒక దినము వేళ తప్పినచో ఆ దినమే గుర్తు వచ్చిన వెంటనే వేసికొనవలెను. మరునాడు రెండు కలిపి మింగరాదు. పెండ్లికో జాతరకో స్వగ్రామము పోవునప్పుడు సీసా, చీటీ రెండును వెంట నుండవలెను.

తెలుగుదేశమునకు వెలుపల నున్న మనకు మరియొక ఇబ్బంది. సోలాపురములో చీటీ మీద మరాఠీ, సేలములో తమిళము, బరంపురములో ఒడియా. మన ఇండ్లలో ముసలివారు ఆ భాషలు మాటలాడుదురు గాని అందరును చదువలేరు. బడికి పోవు మనుమనినో మనుమరాలినో వెంట తీసికొనిపోయి, ఏ మాత్ర ఎన్నడో అక్కడనే తెలుగులో వ్రాయించి సీసాకు అంటించుకొనవలెను. ఇందులో సిగ్గుపడవలసినది లేదు.

ఇంటిలో కంచము వేరు చేయుట, చాప వేరు చేయుట, పసిబిడ్డను దగ్గరకు రానీయకుండుట, ఇవి వ్యాధికంటె ఎక్కువ బాధించును. ఒకే పళ్లెములో తిన్నను, ఒకే చెంబుతో త్రాగినను, కౌగిలించుకొన్నను, దగ్గినను ఈ వ్యాధి అంటదు. ఒకే మగ్గము మీద వంతులవారీగా నేసినను అంటదు. నాడె కంటిలో నుండి పోగును నోటితో పీల్చు అలవాటు అచ్చటచ్చట ఇంకను ఉన్నది. ఉమ్మి వలన ఈ వ్యాధి రాదు గాని, దూది నలుసులు రొమ్ములోనికి పోవును గనుక ఆ అలవాటు వేరే కారణమున మానదగినదే. జాగ్రత్త పడవలసినది రక్తము విషయములో. మంగలి కత్తి, గడ్డపు బ్లేడు, పండ్ల బ్రష్షు, గోళ్ల కత్తెర ఎవరివి వారికుండవలెను. పన్నె తగిలి వేలు తెగినను, జరీ పోగు గీచుకొన్నను కడిగి పట్టీ కట్టవలెను. భార్య లేక భర్త ఒకసారి పరీక్ష చేయించుకొనవలెను. తల్లికి వ్యాధి ఉన్నచో పిల్లలకు కూడ.

మన ఆడువారి మాట ప్రత్యేకముగా చెప్పవలెను. “అమ్మాయి పెండ్లి కానిండి, తరువాత చూచుకొందము” అని తమ చికిత్సను వాయిదా వేయువారు వారే. తెల్లవారకముందు లేచి పొయ్యి రాజేసి, కండెలు చుట్టి, సోలాపురము వంటి చోట్ల బీడీలు కూడ చుట్టి, అలసటను వ్యాధి అనుకొనరు. సంబంధము చెడునేమో యన్న భయమున చీటీ పెట్టె అడుగున దాచుదురు. ఆమెకు మందు నడుచు మూడు నెలలు కండెల పని మరియొకరు పంచుకొన్నచో పరువేమియు పోదు.

పత్యము సంగతి. నూనె, ఉప్పు, పప్పు మాన్పించి చారన్నము పెట్టుట మనవారి ఆచారము. ఈ వ్యాధికి అది అక్కరలేదు. పప్పు, గ్రుడ్డు, పెరుగు, ఆకుకూరలు చక్కగా తినవలెను. కడుపున నీరు చేరినవారికి మాత్రమే వైద్యుడు ఉప్పు తగ్గించును. నేల ఉసిరి, కంటిలో పసరు, చేతిమీద వాత, ఇవి చెప్పువారు ప్రతి పేటలోను ఉన్నారు. పెద్దల మాటను తిరస్కరించుమని మేము చెప్పము. కాని ఈ 84 దినములు ఏ పసరును, ఏ భస్మమును మాత్రలతో కలుపరాదు. సారా, కల్లు పూర్తిగా మానవలెను. గట్టిపడుచున్న కాలేయముపై అది అగ్గిమీద ఆజ్యము. నడుము నొప్పికి అంగడిలో కొను మాత్రలు కాలేయము చెడినవారికి మూత్రపిండములను కూడ చెరచును. తలనొప్పికి పారాసిటమాల్ సైతము ఎంత వేసికొనవచ్చునో అడిగియే వేసికొనవలెను.

కన్నులు పచ్చబడినను, కడుపు ఉబ్బినను, రక్తము కక్కినను, విరేచనము నల్లగా పోయినను, మనిషి తికమకగా మాటలాడినను, నాడి మందగించి సొమ్మసిల్లినను తెల్లవారునా అని చూడక ఆసుపత్రికి పోవలెను.

చివరి మాత్ర అయిన తరువాత 12 వారములకు మరల ఆర్.ఎన్.ఏ. పరీక్ష చేయించుకొనవలెను. అప్పుడు వైరస్ లేదని వచ్చిననే నయమైనట్లు. కాలేయము ముందే గట్టిపడినవారు ఆ తరువాత కూడ ఆరునెలలకొకసారి స్కానింగు చేయించుకొనుచుండవలెను. నయమైనవానికి కూడ యాంటీబాడీ పరీక్ష జీవితాంతము ఉన్నదనియే చూపును. రేపు మరియొక ఊరిలో, మరియొక జబ్బుకు ఆపరేషను చేయబోవు వైద్యుడు దానిని చూచి మొదటికి రావచ్చును. అందుచేత ఆ చివరి పరీక్ష కాగితమును రేషను కార్డుతో పాటు భద్రపరచుకొనవలెను.