పెరటి మందకు పుంజు

హైదరాబాదునకు పడమట, ముదురు మర్రులు ఇరుప్రక్కల నిలిచిన బిజాపురపు బాట వెంబడి పోవువారికి, మొయినాబాదు, చేవెళ్ల మండలముల పల్లెలలో కూరగాయల మడులకును పూలతోటలకును నడుమ నాటుకోళ్ల మందలు నేటికిని కనబడుచుండును. పొదుగు పట్టిన పెట్ట 21 దినములకు లేపిన పిల్లలలో ఇంచుమించు సగము పుంజులే యగును. మందకైతే ఎనిమిది పది పెట్టలకు ఒక్క పుంజు చాలును. గ్రుడ్లు తినుటకే కోళ్లను పెంచు గృహస్థునకు ఆ ఒక్కటియు అక్కరలేదు, ఏలయన పుంజు లేకున్నను పెట్టలు గ్రుడ్లు పెట్టుచునే యుండును. పిల్లలు కావలెనన్నప్పుడే దాని పని. అయినను పుట్టబోవు ప్రతి పిల్లయందును సగము రక్తము ఆ పుంజుదే గనుక, ఏ పుంజును నిలుపవలెను, వేనిని పంపివేయవలెను అను నిర్ణయమును మించినది కోళ్ల పెంపకమున మరియొకటి లేదని నా నమ్మకము.

రెండు నెలల ప్రాయమున జుట్టు ఎర్రబడి పుంజులు తేటపడగనే, వంకర వ్రేళ్లు గలవానిని, ముక్కు కుదరనివానిని, తోడి పిల్లలకంటె ఎదుగుదల వెనుకబడినవానిని ఏరివేయుట సులభమే. తక్కినవానిని మాత్రము రంగును, ఎత్తును, తోక సొగసును చూచి మురిసిపోక, వీలైనచో ఏడాది నిండువరకు వాని నడవడిని కనిపెట్టి యుండవలెను. గింజ దొరికినప్పుడు తాను మ్రింగక, ముక్కుతో ఎత్తి విడుచుచు, మెల్లని కూతతో పెట్టలను పిలిచి మేపు పుంజు, ఆకాశమున గద్ద నీడ కదలగనే హెచ్చరిక కూత కూసి మందను పొదలలోనికి పంపు పుంజు, రెక్క వాల్చి చుట్టు తిరిగి పెట్టను ఒప్పించు పుంజు నిలుపుకొనదగినది. పెట్టల వీపున ఈకలూడి చర్మము చీరుకొని పోయినదన్నచో, అది పుంజుల సంఖ్య మితిమీరినదనుటకో, ఉన్న పుంజు మోటుదనుటకో గుర్తు. వాకిట ఆడుకొను పసివారిపైకి లంఘించు పుంజు ఎంతటి అందగాడైనను ఇంట ఉండదగదు. ఆ దుడుకుతనము కొంతవరకు సంతతికిని సంక్రమించును.

ఇచ్చటనే ఒక పాత భ్రమను గూర్చి చెప్పవలసియున్నది. పల్నాటి కథనుండి నేటి సంక్రాంతి బరులవరకు మన జాతి పుంజును పోరాట దృష్టితోనే మెచ్చుకొన్నది. డేగ, కాకి, నెమలి, సవల అని రంగులు విభజించి కుక్కుటశాస్త్రమునే కల్పించుకొన్నది. 2025 ఫిబ్రవరిలో మొయినాబాదు మండలమునందలి తోల్కట్ట గ్రామమున ఒక తోట ఇంటిపై పోలీసులు దాడి చేసినప్పుడు, పందెమునకు తెచ్చిన కోళ్లు ఎనబదికి మించి పట్టుబడినవి. జంతువులను పోరునకు పురికొల్పుట 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ప్రకారము నేరము. ఆ మాట అటుంచినను, సాటి పుంజును చూడగనే చంపుటకు లేచు స్వభావమునకును, మందను కాచు స్వభావమునకును సంబంధము లేదు. పందెపుకోళ్లయిన అసీలు జాతి దృఢదేహము కొనియాడదగినదే, దాని పెట్టల మాతృత్వమును కొనియాడదగినదే. కాని ఆ పుంజును ఒంటరిగా ఏలనిచ్చు పెరటిలోనే ఉంచవలెను.

జాతి నిర్ణయమునకు రాజేంద్రనగరములోని కోళ్ల పరిశోధన సంచాలకాలయము దూరము కాదు. పెరటి పెంపకము కొరకు అచ్చట రూపొందిన వనరాజ, గ్రామప్రియ కోళ్లు త్వరగా ఎదిగియో, ఎక్కువ గ్రుడ్లు పెట్టియో పేదకు ఆదాయము నిచ్చునవే. అయితే అవి సంకరములు. వాని పుంజును నిలిపి తరము తరువాత తరము పెంచినచో తొలి గుణములు అట్లే నిలువవు. అంతకంటె ముఖ్యముగా, ఆ పెట్టలు పొదుగుటకు అంతగా కూర్చుండవు. పొదుగు గుణము తండ్రి రక్తమునుండియు వచ్చును గనుక, పెట్టచేతనే పిల్లలను లేపించు ఇంటికి మంచి పొదుగు పెట్ట కడుపున పుట్టిన నాటు పుంజే మేలు.

రెండు పుంజులను ఉంచదలచువారు ఇరువది పెట్టలను, విశాలమైన చోటును చూచుకొనవలెను. పుంజుల నడుమనుండు పెద్దరికపు వరుస కూతలోనే తెలియును. జపానులోని నగోయా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో పుంజు తొలికూత దాని దేహమునందలి గడియారమును బట్టి కలుగునని చూపిరి. మందలో అగ్రస్థానముననున్నది ముందు కూసిన పిదపనే తక్కినవి వరుసగా కూయునని 2015లో ప్రకటించిరి. కలిసి పెరిగిన పుంజుల నడుమ ఆ వరుస కుదిరినచో కలహము తగ్గును. కుదరనిచో ఒకదానిని పంపుటయే దయ. మిగిలినవి కూరకో అమ్మకమునకో పోవునవే; ఆషాఢ బోనాల వేళ నాటు పుంజునకు మంచి ధర పలుకును. దాచుటకేమున్నది? గంపల క్రింద నెలల తరబడి క్రమ్మి యుంచుటకంటె సకాలమున పంపివేయుట వానికిని సుఖము.

నిలుపుకొన్న పుంజునైనను తన కూతుళ్లతో జత కట్టనీయరాదు. ఏడాది రెండేండ్ల కొకసారి పొరుగూరివారితో పుంజును మార్చుకొనుట మంచి పద్ధతి. వచ్చిన పుంజును రెండు మూడు వారములు వేరుగా నుంచి, కొక్కెర తెగులు టీకా వేయించి, ఆ తరువాతనే మందలో విడువవలెను. పెట్ట దేహమున పాత పుంజు బీజము రెండు వారములు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు, సజీవముగా నిలిచియుండును గనుక, క్రొత్త పుంజు సంతతి కోరువారు అది మందలో చేరిన మూడు వారముల తరువాత పెట్టిన గ్రుడ్లనే పొదుగునకు వేయవలెను.