బేతాళుడి ప్రశ్న – మన పిల్లల జవాబు

చిన్నప్పుడు చందమామ కోసం ఎదురుచూడని వాళ్ళు మన తరంలో అరుదు. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు తెలుగు, తమిళ భాషల్లో మొదలుపెట్టిన ఆ పత్రిక ఇప్పుడు రావడం లేదు. మన పిల్లలు హ్యారీ పాటర్ చదువుతున్నారు. చదవనివ్వండి! మాయలూ మంత్రాలూ ఉన్న కథలు ఏ దేశానివైనా పిల్లలకు మంచిచెడ్డలు నేర్పుతాయి. మనిషికి ఉన్న శక్తుల కన్నా అతను ఎంచుకున్న దారే ముఖ్యమని హ్యారీ పాటర్ కథ చెబుతుంది. మన బేతాళ కథల పద్ధతి మాత్రం వేరు. అవి నీతి చెప్పవు, ప్రశ్న అడుగుతాయి.

ఈ కథలు 11వ శతాబ్దంలో కాశ్మీర కవి సోమదేవుడు రాసిన కథాసరిత్సాగరంలో ఉన్నాయి. ఆ పాత కథలు అయిపోయాక కూడా చందమామ వారు అదే పద్ధతిలో కొత్తవి రాయించి దశాబ్దాల పాటు వేశారు. బేతాళుడు పెట్టే షరతు మీకు గుర్తుండే ఉంటుంది. జవాబు తెలిసీ చెప్పకపోతే రాజు తల పగులుతుంది. చెబితే మౌనం చెడి శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. అంటే న్యాయం తెలిసినవాడు నష్టమొచ్చినా నోరు విప్పాలి, చెడిన పనిని విసుగు లేకుండా మళ్ళీ మొదలుపెట్టాలి. ఈ రెండూ ఎక్కడా ఉపదేశంగా ఉండవు, కథ నడకలోనే ఉంటాయి.

సింగపూర్ బడుల్లో మాతృభాషగా తీసుకోవడానికి తమిళంతో పాటు హిందీ, బెంగాలీ, పంజాబీ, గుజరాతీ, ఉర్దూ ఉన్నాయి గానీ తెలుగు లేదు. అందుకే తెలుగు చక్కగా మాట్లాడినా చదవలేని పిల్లలు మనలో చాలామంది ఇళ్ళల్లో ఉన్నారు. వాళ్ళకు ఈ కథలు నోటితో చెప్పాల్సిందే.

ఓ ఆదివారం లిటిల్ ఇండియాలో, సెరంగూన్ రోడ్డు మీది శ్రీనివాస పెరుమాళ్ గుడికి వెళ్ళి, ఆ దగ్గరలోనే భోజనానికి కూర్చున్నాం. వడ్డన ఆలస్యమైంది. పిల్లలకు వీరవరుడి కథ చెప్పాను. అతను రోజుకు 500 దీనారాల జీతానికి రాజు దగ్గర చేరతాడు. రాజుకు ప్రాణగండం ఉందనీ, వీరవరుడి కొడుకును బలిస్తే తప్పుతుందనీ తెలుస్తుంది. కొడుకు సంతోషంగా ఒప్పుకుంటాడు. అతని చావు చూసి చెల్లెలు, తర్వాత తల్లి, చివరికి వీరవరుడు కూడా ప్రాణాలు వదులుతారు. చాటుగా ఇదంతా చూసిన రాజు తన తల నరుక్కోబోతుంటే దేవి ఆపి అందరినీ బతికిస్తుంది. వీళ్ళలో ఎవరు గొప్ప?

రాజే గొప్ప అంటాడు విక్రమార్కుడు. ప్రభువు కోసం ప్రాణమివ్వడం సేవకుడి ధర్మం, సేవకుడి కోసం ప్రాణమివ్వబోయే రాజు అరుదు అని అతని వాదన. మా అబ్బాయి ఒప్పుకోలేదు. "జీతం తీసుకున్నది నాన్న కదా! ఆ అబ్బాయికి జీతం లేదు, అయినా ప్రాణం ఇచ్చాడు. వాడే గొప్ప" అన్నాడు. పక్కనున్న పాప, "చిన్నపిల్లాణ్ణి అలా అడగడమే తప్పు" అంది. భోజనం వచ్చాక కూడా వాదన ఆగలేదు. నాన్న ఉద్యోగం కోసం దేశాలు మారి, స్నేహితుల్ని వదులుకుని వచ్చిన పిల్లలు వాళ్ళు. వాళ్ళ మాటలు మా పెద్దవాళ్ళకు కాస్త గట్టిగానే తగిలాయి. స్వామిభక్తి గొప్పదని నేను నీతి చెప్పి ముగించి ఉంటే ఈ మాటలేవీ వచ్చేవి కావు.

ఇంకొక లాభం కూడా ఉంది. నీతి వినడానికి తలూపితే చాలు. ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పాలి, కారణం చూపాలి, ఎదుటివాళ్ళ మాట ఖండించాలి. ఇదంతా తెలుగులో చేస్తే "అన్నం తిన్నావా, హోంవర్క్ అయిందా" దాటి భాష ముందుకు వెళుతుంది.

బేతాళుడు చివరగా అడిగిన వరసల చిక్కుముడికి విక్రమార్కుడికి జవాబు దొరకదు. ఊరుకుంటాడు. దానికి బేతాళుడు మెచ్చి, భిక్షువు చేయబోయే మోసం చెప్పి రాజును కాపాడతాడు. తెలియనప్పుడు తెలియదని ఊరుకోవడం కూడా వివేకమేనన్నమాట. తల్లిదండ్రులుగా మనకూ ఇది పనికొస్తుంది.

ఈసారి రైల్లోనో, భోజనాల దగ్గరో ఒక బేతాళ కథ చెప్పి చూడండి. ప్రశ్న దాకా చెప్పి ఆపండి. విక్రమార్కుడి జవాబు మాత్రం పిల్లలు తమ జవాబు చెప్పాకే చెప్పండి.