దేశాంతరం వెళ్లిన రామచిలుక

చిలుకను చూసి ముచ్చటపడని తెలుగువారు ఉండరు. మన్మథుడికి వాహనం చిలుక. మధుర మీనాక్షమ్మ చేతిలో చిలుక. మాట వినని పిల్లవాడికి చిలక్కి చెప్పినట్టు చెబుతాం. అన్యోన్యంగా ఉన్న ఆలుమగలను చిలకాగోరింకలు అంటాం. ఇంత గారాబంగా చూసుకునే ఈ పక్షిని పరాయిగడ్డ మీద చీడగా లెక్కకట్టి, తుపాకితో వెతికి వెతికి కాల్చారంటే నమ్మగలరా?

నాకూ ఈ సంగతి కొత్తే. లండనులో ఉద్యోగం చేసుకుంటున్న మా మేనల్లుడు ఒక శీతకాలంలో ఫోటో పంపాడు. ఆకులు రాలిన చెట్టు, కొమ్మల మీద మంచు, ఆ మంచులో బారులు తీరి కూర్చున్న రామచిలుకలు! "మామయ్యా, మన పెద్దపంజాణి చిలుకలు నాకంటే ముందే వచ్చి ఇక్కడ కాపురాలు పెట్టాయి. వీటికి వీసా ఎవరిచ్చారో!" అని రాశాడు. తమాషాకు అడిగిన ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ పోతే తెలిసిన విషయాలివి.

ముందు చిలుక సంగతి. రామచిలుకకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు సిట్టాక్యులా క్రామెరి. తోకతో కలిపి సుమారు 40 సెంటీమీటర్ల పొడవు. మెడచుట్టూ నలుపు, గులాబి రంగుల కంటె మగపక్షికే ఉంటుంది. అదైనా మూడో ఏడు వస్తే గాని రాదు. కాలివేళ్లు రెండు ముందుకు, రెండు వెనక్కు. అందుకే మనం చేత్తో పట్టుకున్నట్టు అది కంకిని కాలితో పట్టుకుని తింటుంది. గూడు కట్టడం దానికి తెలియదు. వడ్రంగిపిట్ట తొలిచి వదిలేసిన తొర్రను ముక్కుతో పెద్దది చేసుకుని, అందులో నాలుగైదు గుడ్లు పెడుతుంది. మూడు వారాలకు పిల్లలవుతాయి. మరో ఏడు వారాలకు రెక్కలొచ్చి ఎగిరిపోతాయి. మన ఉపఖండం, దాని ఇరుగుపొరుగు, ఆఫ్రికాలో సహారా ఎడారికి దక్షిణపు అంచు - ఇవే దాని పుట్టిల్లు.

మదనపల్లె, పుంగనూరు వైపు రైతుకు చిలుక మీద ముద్దు తక్కువ, కోపం ఎక్కువ. జొన్నకంకి పాలుపట్టే వేళకు మందగా దిగుతుంది. ఒక కంకి తిని పోతే పోనీ అనుకోవచ్చు. సగం కొరికి పారేసి ఇంకోదాని మీదికి పోతుంది. మామిడితోపులలోనూ అదే వరస. మా మండీలలో బెంగళూర అనీ, కలెక్టరు అనీ పిలిచే కాయకు తోతాపురి అన్న పేరు చిలుకముక్కును బట్టి వచ్చిందే. చిన్నప్పుడు పెద్దపంజాణిలో మంచె ఎక్కి వడిసెల తిప్పడం, పాతడబ్బా మోగించడం మా పిల్లల వంతు. ఎన్ని తిట్లు తిట్టినా చిలుకను ఊరినుంచి వెళ్లగొట్టాలని మాత్రం ఎవరూ అనుకోలేదు. ఇక్కడ దానికి కాపలా ఉంది. ఆకాశంలో డేగ, తొర్రలోకి పాకే పాము, అదే తొర్ర నాదంటూ వచ్చే గోరింక. అవును, మన సామెత ఏమన్నా, చిలకాగోరింకలు ఒక్క తొర్రకోసం కొట్లాడుకునే దాయాదులు! వేలయేళ్ల ఈ తగవులోనే ఎవరి వాటా వారికి దక్కింది.

ఇక వీసా మాట. చిలుక సముద్రాలు దాటి తనంతట తాను వెళ్లలేదు. పంజరంలో పెట్టి మనిషే తీసుకుపోయాడు. అలెగ్జాండరు నాటినుంచీ మన చిలుకలంటే పడమటివారికి మోజు. మన పెద్దచిలుకను ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. పంజరం తలుపు ఊడి కొన్ని, విసుగెత్తి వదిలేస్తే కొన్ని బయటపడ్డాయి. ఇంగ్లండులో బయట గూడుపెట్టిన జంట 1855 లోనే కనిపించింది. 1969 నుంచి అక్కడ స్థిరపడిపోయాయి. ఇప్పుడు బ్రిటనులో సుమారు 12,000 జంటలున్నాయని అంచనా.

దీనిమీద కట్టుకథలూ పుట్టాయి. 1951 లో "ఆఫ్రికన్ క్వీన్" సినిమా తీసినప్పుడు తప్పించుకున్నాయని కొందరు, గిటారు వాయిద్యగాడు జిమి హెండ్రిక్స్ వదిలిపెట్టాడని కొందరు. పోలీసులు నేరస్థుడి ఉనికి పట్టే లెక్కతోనే లండను శాస్త్రజ్ఞులు వీటిని పరీక్షించి, 2019 లో రెండు కథలూ కొట్టివేశారు. ఎవరో ఒకరు కాదు, ఎందరెందరో తమ ఇళ్లనుంచి వదిలినవే ఇవన్నీ. 1929-30 లో చిలుకజ్వరం భయం ప్రబలినప్పుడు కూడా ఇలా చాలామంది వదిలించుకుని ఉండవచ్చునని వారి ఊహ. బ్రస్సెల్సులో కథ ఇంకా సూటి. 1974 లో ఒక వినోదవనం వారు ఊరికి రంగు తెద్దామని నలభై చిలుకలను వదిలారు. అవే ఈనాడు వేలకు వేలయ్యాయి.

మరి మంచును ఎలా ఓర్చుకున్నాయి? ఐరోపా చిలుకల జన్యువులు పరీక్షించిన శాస్త్రజ్ఞులు, వాటిలో చాలావాటి మూలం ఉత్తర భారతం, పాకిస్తాను అని 2015 లో తేల్చారు. అంటే అవి పెద్దపంజాణివి కావు. చలి ఎరిగిన ఉత్తరాది బంధువులు. పైగా పక్షులకోసం తోటలలో గింజలు వేలాడదీసే అలవాటు అక్కడ ఇంటింటా ఉంది. కూర్చుంటే భోజనం!

అక్కడ వచ్చిన చిక్కల్లా తొర్రల దగ్గరే. మిగతా పక్షులు ఇంకా చలికి ముడుచుకుని ఉండగానే చిలుక మంచి తొర్రలు ఆక్రమిస్తుంది. బెల్జియములో చెట్టుమాను మీద తలకిందులుగా పాకే ఒక చిన్నపిట్ట ఇలా ఇల్లు పోగొట్టుకుంటున్నది. స్పెయినులోని సెవిల్ నగరపు తోటలో అరుదైన ఒక పెద్దజాతి గబ్బిలాలను తొర్రలలోనే చిలుకలు చంపుతున్నాయని 2018 లో ప్రచురించారు. సీషెల్స్ దీవులవారు తమ నల్లచిలుక ఎక్కడ అంతరిస్తుందోనని భయపడి, మాహే దీవిలో ఐదువందలకు పైగా రామచిలుకలను వేటాడి, 2017 లో ఆఖరిదాన్ని కాల్చారు. వారి బాధ వారిది. 1950 దశకంలో పుణే దగ్గర కంటపడి, నేడు మన పొలంగట్లన్నీ కప్పేసిన వయ్యారిభామ మొక్కను తలుచుకుంటే ఆ బాధ మనకూ అర్థమవుతుంది. మన గోరింక కూడా తక్కువది కాదు. 1862 లో ఆస్ట్రేలియా చేర్చారు. 2000 నాటికి ప్రపంచంలో వంద చెడ్డ వలసజీవుల పట్టీకెక్కింది.

చిలుక మారలేదు. ఇక్కడ ఏ తెలివితో బతికిందో అక్కడా ఆ తెలివితోనే బతికింది. దాన్ని నేరస్థురాలిని చేసింది పంజరం. ఆ పంజరం మన వీధిలో ఇంకా వేలాడుతూనే ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మన చిలుకను పట్టడం, అమ్మడం, పెంచడం అన్నీ నేరాలే. అయినా కళ్లు తెరవని పిల్లలను తొర్రలోనుంచి లాగి తెచ్చి అమ్మేవారున్నారు. దారిలో చచ్చేవెన్నో! కొనేవారు లేకపోతే పట్టేవారుండరు. ఇంట్లో ఇదివరకే చిలుక ఉంటే, పుణ్యమని తలుపు తీసి వదిలేయకండి. రెక్క కత్తిరించిన పక్షి కాకులకు, పిల్లులకు చిక్కుతుంది. అటవీశాఖవారికి అప్పగించడమే దయ.

ఇంకొక్క మాట. రోడ్డు వెడల్పు చేసినా, ఇల్లు కట్టినా, తొర్రపడ్డ ముసలి చింతమానును ఎందుకూ పనికిరానిదని ముందుగా నరుకుతాం. చిలుకకు పనికొచ్చేది ఆ మానే. పిల్లలకు చిలుకను చూపించాలనే సరదా ఉంటే, సాయంత్రం అలాంటి చెట్టు కిందికి తీసుకువెళ్లండి. కాణీ ఖర్చు లేదు, చెవులు చిల్లులు పడేటంత కచేరీ!